ఒక చివర పెన్ను, ఇంకో చివర పెన్సిల్: రెండింటికీ సరిపోయే మూత తయారు చేయడం ఎలా?

ఒక చివర బాల్ పెన్, ఇంకో చివర పెన్సిల్ ఉండే కలం చేయాలని చాలామంది పిల్లలకు అనిపిస్తుంది. బడి పిల్లల కొత్త ఆలోచనలకి ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డు కోసమో, స్కూల్లోని అటల్ టింకరింగ్ ల్యాబ్ కోసమో అలాంటి బొమ్మ గీసుకుని కూర్చుంటారు. కలం వరకు బొమ్మ తేలిగ్గానే వస్తుంది. చిక్కంతా మూత దగ్గరే. మామూలు పెన్నుకైతే మూత తీసి వెనక తగిలించి రాసుకుంటాం. ఈ కలానికి వెనక అనేదే లేదు. అటు పెన్ను మొన, ఇటు పెన్సిల్ మొన. రాసేటప్పుడు ఒకటి బయట ఉండాలి, రెండోది దాక్కోవాలి. జేబులో పెట్టుకుంటే రెండూ దాక్కోవాలి. ఇది తేల్చకుండా మూతకి రబ్బరు, షార్ప్‌నర్, స్కేలు తగిలించుకుంటూ పోతే బరువు పెరుగుతుంది తప్ప కలం పనికిరాదు.

ఇక్కడ చెప్పేది ఇంట్లోనో ల్యాబ్‌లోనో త్రీడీ ప్రింటర్ మీద చేసుకోగలిగిన డిజైన్. కొలతలన్నీ ఇస్తున్నాను. మీ దగ్గరున్న పెన్సిల్, రీఫిల్ కొలిచి వాటిని కొద్దిగా సర్దుకోండి.

1. మూతకి ఏ పనులు అప్పగించాలో ముందు తేల్చుకోండి

ఒక కాగితం మీద మూత చేయగల పనులన్నీ రాయండి. పెన్ను మొన కప్పడం, పెన్సిల్ మొన కప్పడం, జేబుకి తగిలించుకోవడం, బల్ల మీంచి దొర్లిపోకుండా ఆపడం, చెరపడం, పెన్సిల్ చెక్కడం, గీత గీయడం, ఫోన్ తెర మీద రాయడం. తర్వాత ఒక్కో పని దగ్గర ఆగి, అది మిగతా పనులకు సాయం చేస్తుందా, అడ్డం వస్తుందా అని అడగండి. పక్కన పడి ఉండటం తప్ప ఏ సాయమూ చేయని పనిని కొట్టేయండి.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి ఒక పాత కేసు కారణం. అమెరికాలో హైమన్ లిప్‌మన్ అనే ఆయన 1858 మార్చి 30న రబ్బరు ఉన్న పెన్సిల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. 1862లో జోసెఫ్ రెకెన్‌డార్ఫర్ దాన్ని లక్ష డాలర్లకు కొని, తర్వాత ఫేబర్ కంపెనీ మీద దావా వేశాడు. 1875లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదని తేల్చింది. పెన్సిల్ పెన్సిల్ పనే చేస్తోంది, రబ్బరు రబ్బరు పనే చేస్తోంది, రెండూ కలిసి కొత్తగా చేసిందేమీ లేదన్నది కోర్టు వాదన. మన పేటెంట్ల చట్టం, 1970లోని సెక్షన్ 3(ఎఫ్) కూడా ఇదే దారిలో ఉంటుంది. తెలిసిన వస్తువులు దేనికదే తెలిసిన పని చేసుకుంటుంటే, వాటిని ఒకచోట అమర్చడం ఆవిష్కరణ కిందకి రాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, డిజైన్ చేసే మనిషికి ఇది మంచి కొలబద్ద.

ఆ కొలబద్దతో చూస్తే మన జాబితాలో మిగిలేవి ఇవి. మూత రెండు చివర్లకూ పట్టాలి. మూత కొసన రబ్బరు ఉండాలి, ఎందుకంటే పెన్సిల్‌తో రాసేటప్పుడు మూత పెన్ను వైపు ఉంటుంది కాబట్టి రబ్బరు సరిగ్గా చెయ్యి వెతికే చోటే, పైన ఉంటుంది. మూతకి క్లిప్ ఉండాలి. అదే దొర్లకుండా కూడా ఆపుతుంది. మూత బయట ఒక సన్నటి గాడి ఉండాలి, పెన్సిల్ ఎంత బయటికి లాగాలో చూపడానికి. గాలి రంధ్రాలు ఉండాలి. అంతే.

షార్ప్‌నర్‌ని ఎందుకు వదిలేశానో చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. షార్ప్‌నర్ బ్లేడు పొడవు సుమారు 24 మి.మీ. ఉంటుంది. దాన్ని వాలుగా బిగించి, పెన్సిల్ దూరేందుకు చోటు ఇచ్చి, పొట్టు బయటికి రావడానికి దారి ఇస్తే మూత బొటనవేలి కంటే లావవుతుంది. పొట్టు గాలి రంధ్రాలను మూసేస్తుంది. బ్లేడు పిల్లల చొక్కా జేబులో తిరుగుతుంది. కంపాస్ బాక్సులో ఎలాగూ షార్ప్‌నర్ ఉంటుంది, అక్కడే ఉండనివ్వండి. ఉప్పు కాగితం ముక్క అంటించి మొన నూరుకోవచ్చని ఇంకొందరు అంటారు. మొన పదునెక్కే మాట నిజమే, కానీ ఆ నల్లపొడి జేబులోకి వెళ్తుంది.

ఫోన్ తెర మీద రాసే కొన కూడా ఊరిస్తుంది. ఇప్పటి తెరలు చేతివేలి స్పర్శని విద్యుత్ మార్పుగా పసిగడతాయి. రాసే కొన నుంచి మీ చేతి దాకా విద్యుత్ ప్రసరించే దారి ఉండాలి. ప్లాస్టిక్ మూత ఆ దారిని తెంచేస్తుంది. మూత మీదుగా ఆ దారి వేయడం అదనపు పని, కాబట్టి ఈసారికి వద్దు.

2. కొలవండి

వెర్నియర్ కాలిపర్ ఒకటి సంపాదించండి. ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉన్నది చాలు.

పెన్సిల్‌ని రెండు రకాలుగా కొలవాలి. ఆరుపలకల పెన్సిల్‌కి పలక నుంచి ఎదుటి పలకకి సుమారు 7 మి.మీ. ఉంటుంది. అంచు నుంచి ఎదుటి అంచుకి కొలిస్తే 8 మి.మీ. దాటుతుంది. పలకల కొలత చూసి రంధ్రం పెడితే పెన్సిల్ దూరదు. గుండ్రటి రంధ్రానికి అంచుల కొలతే లెక్క. ఒక్కో కంపెనీ పెన్సిల్ కొద్దిగా తేడాగా ఉంటుంది కాబట్టి మీ ఊళ్లో దొరికే మూడు నాలుగు రకాలు కొలిచి, అన్నిటికంటే లావైనదాన్ని లెక్కలోకి తీసుకోండి. సన్నవి వదులైతే పెన్సిల్‌కి ఒక చుట్టు కాగితం చుడితే సరిపోతుంది.

పెన్ను వైపుకి మామూలు పొడుగు రీఫిల్ వద్దు. నాలుగు రంగుల పెన్నుల్లో వాడే చిన్న రీఫిల్ తీసుకోండి. దుకాణాల్లో డీ1 అని అడగండి. పొడవు 67 మి.మీ., వ్యాసం 2.35 మి.మీ. ఇది అంతర్జాతీయ ప్రమాణం కాబట్టి ఏ కంపెనీదైనా పడుతుంది. ఇంకు అయిపోతే కలం పారేయక్కర్లేదు.

నూనె ఇంకు ఉన్న బాల్ పెన్ రీఫిల్‌నే ఎంచుకోండి. మూత డిజైన్‌కి ఈ ఎంపిక చాలా ముఖ్యం. నూనె ఇంకు గాలి తగిలినా త్వరగా ఎండదు, అందుకే మూతకి ధైర్యంగా రంధ్రాలు పెట్టగలం. జెల్ ఇంకు నీటితో చేసింది, మొన దగ్గర ఎండిపోతుంది. జెల్ కావాలంటే మూత లోపల మొనని మాత్రమే గట్టిగా మూసే ఇంకో చిన్న గిన్నె పెట్టి, ఆ గిన్నెకీ బయటి గోడకీ మధ్య గాలి పోయే సందు వదలాలి. చేయలేనిదేమీ కాదు, కానీ మొదటి నమూనాలో ఆ టెన్షన్ పెట్టుకోకండి.

3. కలం ఒళ్లు ఎలా ఉండాలో గీయండి

మూత గురించే అయినా ఒళ్లు గీయకుండా మూత కొలత తేలదు.

ఒంటి మధ్యభాగం వ్యాసం 13.6 మి.మీ. రెండు చివర్లలోనూ 12 మి.మీ. పొడవున వ్యాసం 11 మి.మీ.కి తగ్గాలి. మూత కూర్చునే చోటు ఇదే. దీన్ని పీట అందాం. రెండు పీటలూ అచ్చం ఒకేలా ఉండాలి; ఈ డిజైన్‌కి ప్రాణం అదే. పెన్ను వైపు పీట తర్వాత 25 మి.మీ. పొడవు శంకువులా సన్నబడి, కొసన రీఫిల్ మొన 2 మి.మీ. బయటికి వస్తుంది. పెన్సిల్ వైపు 8.4 మి.మీ. వ్యాసంతో, 55 మి.మీ. లోతు రంధ్రం. రెండు గదుల మధ్య 2 మి.మీ. అడ్డుగోడ. రీఫిల్ గది 65, అడ్డుగోడ 2, పెన్సిల్ రంధ్రం 55, అంతా కలిపితే ఒళ్లు 122 మి.మీ. పొడవు. రీఫిల్‌ని మార్చుకోవాలి కాబట్టి శంకువు భాగాన్ని విడిగా ముద్రించి బిగించుకోండి.

పెన్సిల్‌ని 60 నుంచి 65 మి.మీ. ముక్కగా వాడాలి. బడి పిల్లల బాక్సుల్లో అలాంటి పొట్టి పెన్సిళ్లకి కొదవ లేదు, పట్టుకోవడానికి అందక పడేసేవే అవి. ఈ కలంలో ఒక్కోటి ఇంకా చాలా రోజులు వస్తుంది. రాసేటప్పుడు 30 మి.మీ. బయట, మిగతాది లోపల. జేబులో పెట్టుకునేటప్పుడు ముక్కని తీసి, మొన లోపలికి పోయేలా తిరగేసి పెట్టాలి. వెనక భాగం 5 నుంచి 10 మి.మీ. బయట ఉంటుంది, వేళ్లతో పట్టి లాగడానికి అది చాలు.

ఇప్పుడు మూత ప్రయాణం చూడండి. పెన్నుతో రాస్తున్నప్పుడు మూత పెన్సిల్ మీద ఉంటుంది, ముల్లు విరగదు. పెన్సిల్‌తో రాస్తున్నప్పుడు పెన్ను మీద ఉంటుంది, పైన రబ్బరు. జేబులో ఉన్నప్పుడు కూడా పెన్ను మీదే ఉంటుంది, క్లిప్ పైకి ఉండటంతో పెన్ను మొన కూడా పైకే ఉంటుంది. ఇంకు జేబులోకి కారే అవకాశం తగ్గుతుంది. కింద వైపు పెన్సిల్ తిరగేసి ఉంది కాబట్టి గుడ్డకి గుచ్చుకునేదేమీ లేదు. మూడు స్థితుల్లోనూ ఒక్క మూతతో పని జరిగిపోతుంది. రెండో మూత చేయాలనిపిస్తే మళ్లీ ఇక్కడికి వచ్చి ఈ మూడు స్థితులూ గీసి చూసుకోండి.

4. మూత కొలతలు

మూత లోపలి లోతు మూడు కొలతల మొత్తం: పీట 12, బయటికొచ్చిన పెన్సిల్ 30, మొనకీ మూత అడుగుకీ మధ్య ఖాళీ 3. మొత్తం 45 మి.మీ. పెన్ను వైపు 39 చాలు కాబట్టి పెన్సిల్‌కి సరిపోయింది పెన్నుకీ సరిపోతుంది. అడుగు మందం 1.5 మి.మీ., దాని మీద రబ్బరు కూర్చునే గుంట 8 మి.మీ. లోతు. మూత పొడవు 54.5 అయింది, 55 అనుకోండి. లోపలి వ్యాసం 11.3, గోడ మందం 1.15, బయటి వ్యాసం 13.6. ఒంటి మధ్యభాగం కూడా అంతే కాబట్టి మూత పెట్టాక చేతికి మెట్టు తగలదు.

పెన్సిల్ బయట పెట్టి, మూత పెన్ను వైపు తగిలిస్తే కలం మొత్తం సుమారు 170 మి.మీ. వస్తుంది. కొత్త పెన్సిల్ పొడవుకి ఇది దగ్గరే, చేతికి కొత్తగా అనిపించదు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఎవరైనా పెన్సిల్‌ని 35 మి.మీ. బయటికి లాగి మూత నొక్కితే ముల్లు అడుగుకి తగిలి విరుగుతుంది. గాడి పెట్టమన్నది అందుకే. మూత బయట, దాని నోటి (తెరిచి ఉన్న చివర) అంచు నుంచి సరిగ్గా 30 మి.మీ. దూరంలో చుట్టూ 0.4 మి.మీ. లోతు గాడి గీయండి. పెన్సిల్ సర్దేటప్పుడు మూతని పక్కన ఆనించి, నోటి అంచు ఒంటి అంచుకి కలిపి, మొన గాడి దాటకుండా చూసుకోవాలి. మూత తనకి ఎంత చోటుందో తనే చెప్పుకుంటుంది. పైపెచ్చు ప్రింటింగ్‌కి అదనపు ఖర్చేమీ లేదు.

5. టక్కుమని కూర్చునేలా చేయండి

మూత బిగువు గోడల రాపిడి మీద ఆధారపడితే నెల తిరక్కుండానే వదులవుతుంది. మూత లోపల, నోటి నుంచి 3 మి.మీ. పైన, సమాన దూరంలో మూడు చిన్న బొడిపెలు పెట్టండి. ఎత్తు 0.35 మి.మీ. రెండు పీటల మీదా అదే చోట చుట్టూ 0.2 మి.మీ. లోతు గాడి. మూత తోసినప్పుడు గోడ కాస్త సాగి, బొడిపెలు గాడిలో పడగానే టక్కుమంటుంది. చుట్టూ పూర్తి వలయం పెట్టకండి. అది మరీ గట్టిగా పడుతుంది, గాలి పోయే సందు కూడా ఉండదు. మూడు బొడిపెలైతే వాటి మధ్య గాలి ఆడుతుంది.

పీట పొడవు వ్యాసం కంటే తక్కువ ఉండకూడదు. ఇక్కడ 11 వ్యాసానికి 12 పొడవు ఇచ్చాం. రబ్బరుతో చెరిపేటప్పుడు మూత మీద పక్క నుంచి బలం పడుతుంది. పీట పొట్టిదైతే మూత ఊగుతుంది, ఊగే మూతతో చెరిపితే కాగితం చిరుగుతుంది.

6. గాలి రంధ్రాలు

ఈ దశని ఎవరూ దాటవేయకండి. పిల్లలు మూతల్ని నోట్లో పెట్టుకుంటారు, నములుతారు. పొరపాటున గొంతులోకి జారితే గాలి ఆడే దారి ఒకటి ఉండాలి. అందుకే 1991 నుంచి బిక్ క్రిస్టల్ పెన్ను మూత కొసన రంధ్రం వచ్చింది. పిల్లలు వాడే పెన్నుల మూతలకి ఐఎస్‌ఓ 11540 అనే ప్రమాణం ఉంది. మూత గొంతులోకి పోలేనంత పెద్దదైనా ఉండాలి, లేదా దాని గుండా తగినంత గాలి పోవాలన్నది దాని సారాంశం. మన మూత 13.6 మి.మీ. మాత్రమే, పెద్దదేమీ కాదు. కాబట్టి గాలి దారి తప్పనిసరి.

రంధ్రాలు పక్క గోడకి పెడితే చాలదు, అవి గొంతు గోడకి ఆనుకుని మూసుకుపోవచ్చు. మూత నోటి వైపు నుంచి కొస వైపుకి నిలువుగా దారి ఉండాలి. కొసన మధ్యలో రబ్బరు గుంట వ్యాసం 6 మి.మీ. దాని చుట్టూ 0.8 గోడ. ఆ గోడకీ బయటి అంచుకీ మధ్య మిగిలిన వలయంలో, మూడు వైపులా 2 మి.మీ. రంధ్రాలు నిలువుగా, అడుగుని కూడా చీల్చుకుని లోపలి గదిలోకి పోయేలా పెట్టండి. మూడూ కలిపి 9.4 చదరపు మి.మీ. దారి అవుతుంది. ప్రింటర్లు చిన్న రంధ్రాల్ని ఇంకా చిన్నగా ముద్రిస్తాయి. 2 మి.మీ. డ్రిల్ బిట్‌ని చేత్తోనే తిప్పుతూ ఒక్కో రంధ్రం శుభ్రం చేయండి. తర్వాత కొత్త మూతని కడిగి, మూత నోటి వైపు నుంచి ఊది చూడండి. గాలి ధారాళంగా పోవాలి. బుగ్గలు ఉబ్బించి ఊదాల్సి వస్తే రంధ్రాలు చాలనట్టే.

ఈ రంధ్రాలు ఇంకో పని కూడా చేస్తాయి. మూత గబుక్కున నొక్కినప్పుడు లోపలి గాలి నలిగి వెనక్కి తన్నదు. చెరిపినప్పుడు రబ్బరు పొట్టు అప్పుడప్పుడు రంధ్రాల్లో పడుతుంది, వారానికోసారి ఊదేస్తే చాలు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: బొద్దుగా, చిన్నగా ఉండే వస్తువు ఏదైనా మూడేళ్లలోపు పిల్లలకి అందకూడదు. రంధ్రాలున్నంత మాత్రాన ఇది వాళ్ల వస్తువు కాదు.

7. రబ్బరు

పెన్సిల్ వెనక వచ్చే గుండ్రటి రబ్బరు సుమారు 6 మి.మీ. ఉంటుంది. పాత పెన్సిళ్ల నుంచి తీసి 12 మి.మీ. ముక్క పెట్టండి, 4 బయటికి కనిపిస్తుంది. ముక్క పొట్టిదైతే గుంట అడుగున కాగితం ఉండ పెట్టి ఎత్తుకోవచ్చు. జిగురు పెట్టకండి, రబ్బరు అరిగాక మార్చుకోవాలి కదా.

గుంటలో రబ్బరు చుట్టూ ఒక పొర కాగితం చుట్టండి. కంపాస్ బాక్సులో తెల్ల రబ్బరు స్కేలుకి అతుక్కుపోయి, స్కేలు మీద గుంట పడటం మీరు చూసే ఉంటారు. ఆ రబ్బరు నిజానికి మెత్తదనం కోసం నూనెలాంటి పదార్థం కలిపిన వినైల్ ప్లాస్టిక్. ఆ పదార్థం మెల్లగా పక్కనున్న ప్లాస్టిక్‌లోకి ఇంకి దాన్ని కరిగిస్తుంది, పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌కి ఇది మరీ ఎక్కువ. కొత్త రబ్బరుకి అట్ట తొడుగు వేసి అమ్మేది అందుకే. మన మూతకీ అదే ఉపాయం.

8. క్లిప్

క్లిప్ బిగువు మందాన్ని బట్టి ఎంత వేగంగా మారుతుందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఒక చివర బిగించిన పట్టీ గట్టిదనం దాని మందం ఘనంతో పెరుగుతుంది, పొడవు ఘనంతో తగ్గుతుంది. 1.6 మి.మీ. పట్టీని 2 మి.మీ. చేస్తే దాదాపు రెట్టింపు గట్టిపడుతుంది. 30 మి.మీ. పొడవుని 38 చేస్తే సగానికి మెత్తబడుతుంది. అందుకని క్లిప్ మరీ గట్టిగా ఉందనిపిస్తే మందం 0.2 మాత్రమే తగ్గించి మళ్లీ ముద్రించి చూడండి. వెడల్పు 5, పొడవు 38, మందం 1.8 మి.మీ.తో మొదలుపెట్టండి. మూతకీ క్లిప్ కొసకీ మధ్య సందు 0.5 మి.మీ. కొస లోపలి వైపు కొద్దిగా గుండ్రంగా ఉబ్బి ఉంటే గుడ్డ చిరగకుండా జారుతుంది. క్లిప్ మూతని కలిసే మూల పదునుగా ఉండకూడదు, 1 మి.మీ. గుండ్రం ఇవ్వండి. విరగడం మొదలయ్యేది ఆ మూలలోనే.

క్లిప్‌ని మూతతో పాటు నిలబెట్టి ముద్రించకండి. త్రీడీ ప్రింటర్ పొర మీద పొర వేస్తుంది. నిలబెట్టి ముద్రిస్తే పొరలు క్లిప్‌కి అడ్డంగా వస్తాయి, వంచిన మొదటి రోజే పొరల మధ్య విరుగుతుంది. మూతని పడుకోబెట్టి ముద్రిస్తే క్లిప్ బాగుంటుంది కానీ మూత లోపలి గుండ్రం చెడుతుంది. కాబట్టి రెండూ విడివిడిగా చేయండి: మూత నిలబెట్టి, క్లిప్ పక్కవాటుగా పడుకోబెట్టి. మూత కొస దగ్గర, గాలి రంధ్రాల మధ్య చోటు చూసుకుని, బయటి గోడ మీద ఒక చిన్న దిమ్మె లేపి అందులో గాడి పెట్టండి. క్లిప్ వేరుని ఆ గాడిలోకి జార్చి ఒక చుక్క సూపర్ గ్లూ వేయండి. గ్లూ పెద్దవాళ్లు వేస్తే మంచిది.

9. కాగితం మీద, తర్వాత ప్రింటర్ మీద

ప్రింటర్ దగ్గరికి పోయే ముందు డ్రాయింగ్ షీట్‌ని గొట్టంలా చుట్టి మూత చేయండి. పైన రబ్బరు అంటించి, పెన్సిల్‌కి తగిలించి ఒక పేజీ రాయండి. పొడవు ఎక్కువైందా, పైన బరువుగా ఉందా, రాసేటప్పుడు కళ్లకి అడ్డం వస్తోందా అన్నది కాగితపు మూతే చెప్పేస్తుంది. ప్లాస్టిక్ ఖర్చయ్యాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడం మేలు.

తర్వాత టింకర్‌క్యాడ్‌లో గీయండి. బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది, ఆరో తరగతి పిల్లలు కూడా ఒక పూటలో పట్టేస్తారు. 13.6 మి.మీ. స్తంభం, అందులో 11.3 రంధ్రం, కొసన గుంట, మూడు రంధ్రాలు; ఈ మూతంతా స్తంభాలూ రంధ్రాలే.

మొత్తం మూత ముద్రించేయకండి. ముందు ఒంటి పీట ఒకటి, 8 మి.మీ. ఎత్తుతో నాలుగు ఉంగరాలు ముద్రించండి. ఉంగరాల లోపలి వ్యాసాలు 11.1, 11.2, 11.3, 11.4. ప్రతి ఉంగరం మీద దాని అంకె రాసేలా చూసుకోండి, లేకపోతే తర్వాత ఏది ఏదో తెలియదు. పీటకి తొడిగి చూడండి. చేత్తో ఆడించకుండా దానంతటది జారిపోయేది వదులు. తోస్తే కదలనిది బిగువు. ఒక వేలితో తోస్తే నెమ్మదిగా పోయేది మీ ప్రింటర్‌కి సరైన కొలత. 11.3 అని నేనిచ్చింది మొదలుపెట్టడానికే. ప్రతి ప్రింటర్‌కీ, ప్లాస్టిక్ రీలు మారిన ప్రతిసారీ ఇది కొద్దిగా మారుతుంది.

0.4 మి.మీ. నాజిల్ (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొన), 0.2 మి.మీ. పొర చాలు. మూతని రబ్బరు గుంట వైపు కిందకి, నోరు పైకి ఉండేలా పెడితే పొడవాటి గదికి లోపల ఆసరాలు అక్కర్లేదు. గుంట పైకప్పు ఆరు మి.మీ.లే కాబట్టి ప్రింటర్ దాన్ని గాల్లోనే దాటేస్తుంది. క్లిప్ దిమ్మె కింద కాస్త ఏటవాలు ఇస్తే దానికీ ఆసరా వద్దు.

ప్లాస్టిక్‌లో పీఎల్ఏ తేలిగ్గా ముద్రితమవుతుంది, కానీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డ్ మీద వదిలేస్తే మూత వంకరపోతుంది. వంచి ఉంచిన క్లిప్ మామూలు వేడికే నెమ్మదిగా బిగువు కోల్పోతుంది. కొలతలు సరిచూసుకునే నమూనాలకి పీఎల్ఏ వాడి, చివరిది పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేయండి. అది సుమారు 80 డిగ్రీల దాకా ఆగుతుంది, కాస్త సాగే గుణం ఉండటంతో బొడిపెలూ క్లిప్ ఎక్కువ కాలం పనిచేస్తాయి. ఫ్యాక్టరీల్లో పెన్ను మూతల్ని ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో పోస్తారు. ఇంటి ప్రింటర్ మీద అది అంచులు లేచిపోయి ఇబ్బంది పెడుతుంది.

ల్యాబ్ లేనివాళ్లు నిరాశ పడక్కర్లేదు. పాత మార్కర్ మూత ఒకటి తీసుకుని, దాని లోపలి వ్యాసానికి సరిపోయేలా కలం పీటల్ని కాగితం చుట్టి లావు చేసుకుంటే ఆలోచనంతా పరీక్షించుకోవచ్చు. హైదరాబాద్‌కి దగ్గరగా ఉంటే 2023లో తెరిచిన టీ-వర్క్స్ లాంటి నమూనాల కేంద్రం ఉంది.

10. పరీక్షించండి

మూత పట్టుకుని కలాన్ని తలకిందులు చేసి గట్టిగా దులపండి. ఒళ్లు జారి పడకూడదు. రెండు చివర్లతోనూ చేయండి, ఒక వైపు బాగుండి ఇంకోవైపు వదులుగా ఉండటం మామూలే. తర్వాత మూతని వంద సార్లు పెట్టి తీసి, టక్కుమనే చప్పుడు మొదట్లోలాగే ఉందో లేదో వినండి. తగ్గితే బొడిపె ఎత్తు 0.05 పెంచండి. బల్ల ఎత్తు నుంచి గచ్చు మీద పడేసి, క్లిప్ వేరు దగ్గర తెల్లటి గీత వచ్చిందేమో వెలుతురులో చూడండి. ఆ గీత పగులుకి ముందు వచ్చేది.

మనుషుల చేతుల్లో పెట్టి చూడటం ఇంకా ముఖ్యం. ఎడమచేత్తో రాసేవాళ్లకి ఇవ్వండి. వేళ్లు సరిగ్గా వంగని తాతయ్యకో అమ్మమ్మకో ఇచ్చి మూత తీయమనండి. వాళ్లకి జారిపోతుంటే నోటి అంచు దగ్గర సన్నటి గీతలు పెడితే పట్టు దొరుకుతుంది. ఎలా వాడాలో మీరు చెప్పకండి. పెన్సిల్ తిరగేసి పెట్టాలని వాళ్లకి తోచకపోతే, ఒంటి మీద చిన్న బాణం గుర్తు చెక్కాలన్నమాట.

11. ఎవరికైనా చూపే ముందు

ఇలాంటి మూత ముందే ఉందేమో వెతకండి. పేటెంట్ కార్యాలయం వెబ్‌సైట్‌లోనూ గూగుల్ పేటెంట్స్‌లోనూ ఉచితంగా వెతకొచ్చు. మాటలతో వెతికితే వేలకొద్దీ వస్తాయి, వర్గీకరణ సంకేతంతో వెతకండి: పెన్ను మూతలు బీ43కే 23/08 కింద, రాత సామానుతో ఇతర వస్తువుల్ని కలిపినవి బీ43కే 29 కింద ఉంటాయి. అక్కడి బొమ్మలు చూడటమే ఒక చదువు. నూట యాభై ఏళ్లుగా మనుషులు పెన్సిల్ కొసకి ఏమేం తగిలించాలనుకున్నారో కనిపిస్తుంది.

మూతలో కొత్తదనం పనితీరులో ఉందనుకుంటే పేటెంట్ దారి. కనిపించే ఆకారంలో ఉందనుకుంటే డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్ట్రేషన్ దారి. దాని రక్షణ పదేళ్లు, మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. ఏ దారి పట్టినా దరఖాస్తు పెట్టకముందే ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో పెడితే కొత్తదనం పోయినట్టే లెక్క. ఇన్‌స్పైర్ మానక్‌కి ఎంపికైన ఆలోచనకి నమూనా చేసుకోవడానికి పదివేల రూపాయలు ఇస్తారు. అక్కడికి పంపేటప్పుడు కూడా తేదీలు వేసిన మీ డిజైన్ బొమ్మల పుస్తకం మీ దగ్గర ఉండాలి.

డిజైన్ దరఖాస్తులకి కలకత్తాలో విడిగా విభాగం ఉంది, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. రాత సామాను 19-06 తరగతి కింద వస్తుంది. మూతని ముందు, వెనక, కుడి, ఎడమ, పైన, కింద, ఇంకా ఏటవాలుగా ఒక చూపు, ఇలా ఏడు బొమ్మలు సాదా నేపథ్యం మీద సిద్ధం చేసుకోండి. టింకర్‌క్యాడ్‌లో పైమూలనున్న పెట్టెని తిప్పితే ఈ ఏడు చూపులూ వస్తాయి. కొలతల అంకెలు బొమ్మల మీద లేకుండా చూసుకుని దాచుకోండి.